బంగారి ఎడమ కాలి లాడం

పోయిన నెలలో ఒక ఆదివారం బందరులో చర్చి వదిలాక నేనూ మా చెల్లెలూ నడుచుకుంటూ ఇంటికి వస్తున్నాం. దారిలో ఫంక్షన్ హాలు ముందు పెళ్ళి ఊరేగింపు ఆగి ఉంది. బ్యాండు మేళం వాళ్ళు ఊపిరి పీల్చుకోవడానికి ఒక్క నిమిషం వాయించడం ఆపారు. ఆ నిమిషంలో సిమెంటు రోడ్డు మీద పెళ్ళికొడుకు గుర్రం నాలుగడుగులు వేసిన చప్పుడు వినిపించింది. మూడడుగులు ఒకలాగా, నాలుగోది వేరేగా. అంతే, నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళి, వంగి మరీ గుర్రం ముందు కాళ్ళు చూస్తున్నాను. మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, "పెళ్ళికొడుకు పైనున్నాడక్కా, కింద కాదు. అందరూ మనల్నే చూస్తున్నారు, పద" అంది. దాని బాధ దానిది. పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరయినదాన్ని, నాకు మనుషుల మొహాలకంటే నడకలే బాగా గుర్తుంటాయి. మా బంధువుల్లో పెళ్ళి చూపులకి నన్ను తీసుకెళ్ళడం ఎప్పుడో మానేశారు. ఒకసారి ఒక అబ్బాయిని చూసొచ్చి, మొహం ఎలా ఉంది అంటే చెప్పలేక, కుడికాలు కాస్త ఈడుస్తాడు అన్నానట.

ఆ నాలుగో అడుగు చప్పుడు నేను మొదట విన్నది గుడివాడలో. ముప్పై అయిదేళ్ళు దాటింది. అదే నా మొదటి పోస్టింగు. మా నాన్న పామర్రు దగ్గర పల్లెటూళ్ళో మిషన్ స్కూలు మాస్టారు. కూతురు డాక్టరు అయిందని చర్చిలో ప్రార్థన పెట్టించి, ఏ డాక్టరో మాత్రం ఎవరైనా అడిగితేనే చెప్పేవాడు. ఆసుపత్రికి వచ్చేవన్నీ పాడిగేదెలే. వాటిని తోలుకొచ్చిన ఆసాములు గుమ్మంలో నిలబడి, నన్ను ఎగాదిగా చూసి, "డాక్టరుగారు లేరా అమ్మా?" అనేవాళ్ళు. "నేనేనండీ" అంటే, ఒక్క క్షణం గేదె వైపు చూసేవాళ్ళు, దానికేమైనా అభ్యంతరం ఉందేమో అన్నట్టు. గేదెలకి ఎప్పుడూ అభ్యంతరం ఉండేది కాదు.

అప్పటికి ఊళ్ళో జట్కాలు తగ్గిపోతున్నాయి. రైల్వే స్టేషన్ దగ్గర పది ఆటోల వెనకాల మూడో నాలుగో జట్కాలు నిలబడేవి. అందులో ఒకాయన్ని ఊరంతా బాబాయ్ అనేది. స్కూలు టీచర్లనీ, నిండు నెలలతో ఆసుపత్రికి వెళ్ళే ఆడవాళ్ళనీ ఆయన బండిలోనే ఎక్కించేవారు. కుదుపు లేకుండా తీసుకెళ్తాడని పేరు. ఆయన గుర్రం పేరు బంగారి. పండిన వరి రంగు, నుదుటి మీద తెల్లని మచ్చ. మనిషి దగ్గరికొస్తే ముందు జేబు వాసన చూసేది, ఆ తరవాతే మొహం. అది పిల్లగా ఉన్నప్పుడు బెల్లం ముక్కలు పెట్టి బాబాయి పిల్లలే చేసిన అలవాటట. తొమ్మిదేళ్ళది. ఆ బంగారి వేసవిలో రెండుసార్లు నడిరోడ్డు మీద తొట్రుపడింది. రెండోసారి ముందు మోకాళ్ళ మీద కూలబడితే, బండిలో ఉన్న లెక్కల టీచరమ్మ కింద పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ మర్నాటి నుంచి బాబాయి బండి ఎవరూ ఎక్కలేదు. ఇక గుర్రాన్ని అమ్మేయమన్నారు అందరూ. నడవని గుర్రాన్ని కొనుక్కునేవాళ్ళు దాన్ని ఎక్కడికి తోలుకెళ్తారో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

బాబాయి దాన్ని ఆసుపత్రికి తీసుకొచ్చి, అందరిలాగే డాక్టరుగారు లేరా అని అడిగి, నేనే అన్నాక కాసేపు ఆలోచించి, "అయితే మీరే చూడండమ్మా" అన్నాడు. చూశాను. ఎడమ ముందు కాలి గిట్ట వంకరగా ఉంది. బయటి వైపు అరిగిపోయి, లోపలి వైపు ఎత్తుగా, మునివేలు, అంటే గిట్ట ముందు కొస, లోపలికి తిరిగి ఉంది. కాలేజీలో గుర్రం గిట్టల పాఠం నాకు నోటికి వచ్చు. గిట్ట రెండు వైపులా సమానంగా ఉండాలి, ఎదురుగా నిలబడి చూస్తే నడిమధ్యన గీత గీసినట్టుండాలి. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. ఇన్నాళ్ళకి గేదె కాని రోగి దొరికిందన్న ఉత్సాహం ఒకటి. కాగితం మీద గీత గీసి, కొలతలు వేసి, ఎడ్లకి లాడాలు కొట్టే కమ్మరాయన్ని పిలిపించి, లోపలి వైపు ఇంత కొయ్యండి అని చూపించాను. ఆయన కత్తి పట్టుకుని ఒకసారి గిట్ట వంకా, ఒకసారి కాగితం వంకా చూశాడు. "ఇంతా అమ్మా?" అన్నాడు. "అంతే" అన్నాను. కోశాడు. లాడం కొట్టాడు. బంగారి నిలబడితే ఎంత అందంగా ఉందంటే, ఆ సాయంత్రమే మా నాన్నకి ఉత్తరం రాశాను. గుర్రం సంగతి కాబట్టి ఈసారి ఎవరూ అడక్కుండానే చెప్పుకున్నాడట.

నాలుగో రోజు ఉదయం బాబాయి ఒక్కడే వచ్చాడు. వెళ్ళి చూస్తే బంగారి ఎడమ కాలు ముందుకు చాపి, బరువంతా మిగిలిన మూడు కాళ్ళ మీద వేసి నిలబడి ఉంది. గిట్ట పైన కీలు గుమ్మడికాయలా వాచింది. ముట్టుకుంటే కాలిపోతోంది. దాణా ముట్టలేదు. నేను దగ్గరికెళ్తే జేబు వాసన కూడా చూడలేదు. "మొదటి రోజే కాస్త కుంటిందమ్మా," అన్నాడు బాబాయి. "మీరు చదువుకున్నవారు కదా, దానికి ఏదో లెక్క ఉండే ఉంటుందనుకున్నాను." తిట్టి ఉంటే బాగుండేది. లాడం తీయించి, మందు రాసి, ఇంజెక్షన్ ఇచ్చాను. స్టేషన్ దగ్గర జనం మాత్రం, కమ్మరాయన ఎడ్ల పనివాడు, గుర్రం సంగతి అతనికేం తెలుసు, గిట్ట లోపల జీవం, అంటే పచ్చి కండ, దాకా కోసేశాడు అనుకున్నారు. మా ఆసుపత్రి కాంపౌండరుగారు కూడా నన్ను కాపాడుతున్నాననుకుని అదే మాట అందరికీ చెప్పారు. నేను విన్నాను. కాదు అనలేదు. కొత్త ఉద్యోగం, ఆడమనిషిని, ఇప్పుడు ఒప్పుకుంటే ఇక గేదెలు కూడా రావు అనుకున్నాను. వారం తిరిగేసరికి ఎడ్లవాళ్ళు కమ్మరాయన కొలిమి మానేసి పక్క ఊరు వెళ్తున్నారని తెలిసింది. బాబాయి రైసుమిల్లులో బస్తాలు మోస్తున్నాడు. ఒకరోజు ఎదురుపడితే, బస్తా వీపు మీద ఉండగానే నాకు నమస్కారం పెట్టబోయాడు.

అప్పుడు కాంపౌండరుగారే చెప్పారు, బందరులో గుర్రాలకి లాడాలు కొట్టే ముసలాయన ఒకడుండేవాడని, ఉంటే గిలకలదిండి వైపు ఉండాలని. ఉదయం రైలు తప్పిపోయి, పామర్రు మీదుగా బస్సులు మారి వెళ్ళాను. చేపల వేలం అయిపోయి, ఐసు నీళ్ళు కాళ్ళ కింద పారుతున్నాయి. ఎవరిని అడిగినా నవ్వుతూ చెయ్యి చూపించారు. "సముద్రం పడని తాత" అంటే అక్కడ అందరికీ తెలుసు. పల్లెకారుల ఇంట్లో పుట్టి, పడవెక్కితే చాలు వాంతులు చేసుకుంటుంటే, వాళ్ళ నాన్న విసుగెత్తి ఏదో ఊరి పోలీసు గుర్రాల సాలలో పనికి పెట్టాడట. గుర్రాలు పోయాక తిరిగొచ్చి, అల్లుడి పడవకీ చుట్టుపక్కల పడవలకీ ఇనప పనులు చేసి పెడుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి. చేతులు రెండూ సన్నగా వణుకుతున్నాయి. చెప్పిందంతా విని, ఒక్కటే అడిగాడు.

"గుర్రాన్ని నడిపించి చూశావా, నిలబెట్టి చూశావా?"

"నిలబెట్టే చూశానండీ."

"నిలబడ్డ గుర్రాన్ని చూసి లాడం కొడితే, ఆ లాడం నిలబడ్డానికే పనికొస్తుందమ్మాయ్" అన్నాడు. ఆ తరవాత లోపలికి వెళ్ళి, సంచీలో ఆకురాయీ, పటకారూ, ఒక వంకీ కత్తీ వేసుకుని, కూతురితో "గుడివాడ వెళ్ళొస్తానే" అన్నాడు. అంతే. నేను బతిమాలాల్సి వస్తుందని బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకుని వచ్చాను. అవన్నీ వృథా అయ్యాయి.

బాబాయి ఇంటి ముందు నేల ఊడిపించి, నీళ్ళు చల్లించి, ఆ తడి నేల మీద బంగారిని నెమ్మదిగా నాలుగడుగులు నడిపించమన్నాడు. మూడు చప్పుళ్ళు ఒకలాగా, నాలుగోది వేరేగా వినిపించాయి. అది వేసిన అడుగుల పక్కన గొంతుక్కూర్చుని జాడలు చూశాడు. మోకాలి నుంచి కిందికి కాలంతా తడిమాడు. ఆపైన పాత లాడం ఉందా అని అడిగాడు. బాబాయి ఇంట్లోంచి రెండూ తెచ్చాడు, ఎప్పటిదో అరిగిన లాడం, నేను కొట్టించిన కొత్తదీ. అప్పటికి ఇరవై మంది పోగయ్యారు. తాత కొత్త లాడాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "చేసినవాడు మంచి పనివాడు. మేకు రంధ్రం చూడండి ఎంత శుభ్రంగా ఉందో. తప్పు చేసినవాడిది కాదు, చెప్పినవాడిది" అన్నాడు. జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కాంపౌండరుగారు గడ్డం గోక్కుంటూ నింగి వంక చూస్తున్నారు.

"చెప్పింది నేనేనండీ" అన్నాను.

ఆ రెండు మాటలు అనడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అన్నాక ఆకాశమేమీ విరిగిపడలేదు. బాబాయి నేల చూపులు చూస్తూ, "నాకు తెలుసమ్మా. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను కదా" అన్నాడు. ఆ మాట నన్ను కోసినట్టు ఏ కత్తీ కొయ్యలేదు. తాత ఒక్కడే ఏమీ పట్టనట్టు పాఠం చెప్పుకుపోయాడు. ఈ గుర్రం కాలు మోకాలి దగ్గరే కాస్త లోపలికి తిరిగి పుట్టింది. పిల్లగా ఉన్నప్పుడైతే దిద్దొచ్చు. తొమ్మిదేళ్ళు అలాగే నడిచి, ఎముక ఆ వంకరకే గట్టిపడింది. పైన కాలు వంకరగా ఉండగా కింద గిట్టని నిటారు చేస్తే, ఆ వంకర ఎక్కడికి పోతుంది? మధ్యలో కీలులో చేరింది. "గిట్ట ఆ కాలికి సరిపోవాలి గాని, నీ పుస్తకంలో బొమ్మకి కాదు" అన్నాడు. అయితే గుర్రం తొట్రుపడ్డది వంకర వల్ల కాదట. ఏళ్ళ తరబడి ఎవరూ సరిగ్గా కొయ్యక మునివేలు పొడుగైపోయి, బయటి మడమ కుంగిపోయింది. దిద్దాల్సింది అది. దాన్ని వదిలేసి, నేను దేవుడు చేసిన కాలిని దిద్దబోయాను.

ఆ సాయంత్రమే కమ్మరాయన ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య నన్ను చూడగానే లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కోపం న్యాయమైనదే. కొలిమి చల్లగా ఉంది. చెప్పాల్సింది చెప్పాను, ఏడవకూడదు అనుకుని ఏడ్చాను కూడా. ఆయన కొలిమి తిత్తి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. "గీత మీరే గీశారు. కోసింది నా చెయ్యే కదమ్మా. అప్పుడే అనుమానం వచ్చింది. ఒకసారి అడిగాను, ఇంకోసారి అడగాల్సింది" అన్నాడు. ఆ రాత్రి నాకు ఆయన క్షమించాడో లేదో తెలియలేదు. మర్నాడు పొద్దున్నే ఆయనే బాబాయి ఇంటికి వచ్చి తాత పక్కన కూర్చుంటే తెలిసింది. నేను మాత్రం ఆ వారమంతా ఆసుపత్రికి వచ్చిన ప్రతి ఆసామికీ, అడిగినా అడగకపోయినా, ఆ గుర్రం సంగతిలో తప్పు నాది అని చెప్పాను. కొందరు గేదెల్ని తోలుకుని వెనక్కి వెళ్ళిపోయారు. అదీ న్యాయమే.

కోసిన గిట్ట మళ్ళీ పెరిగేదాకా ఎవరం చేసేదేమీ లేదన్నాడు తాత. రోజూ ఉదయం బాబాయి దాన్ని కాలవలో మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టేవాడు. మిగతా రోజంతా వరి ఊక పరిచిన మెత్తటి నేల మీద ఉండేది. తాత మూడు నాలుగు వారాలకోసారి బందరు నుంచి వచ్చి, రెండు రోజులుండి వెళ్ళేవాడు. వచ్చినప్పుడు నా అద్దె గది వరండాలోనే మకాం. ఇంటివాళ్ళావిడకి మా తాతగారని చెప్పాను. ఆవిడ శుద్ధ శాకాహారి. తాత పనిముట్ల సంచీలో ఎప్పుడూ ఎండు చేపల పొట్లం ఒకటుండేది. అది లేనిదే ఆయనకి ముద్ద దిగదు. "మీ తాతగారు వచ్చిన రోజున ఈ వాసనేమిటమ్మా?" అని ఆవిడ అడిగితే, గుర్రాలకి రాసే మందండీ అని అబద్ధం చెప్పాను. ఒక తప్పు ఒప్పుకున్న నోటితోనే. ఆవిడ తరవాత ఒకరోజు తన మోకాలి నొప్పికి ఆ మందు కాస్త ఇప్పించమని అడిగింది. ఆ సంగతి చెబితే తాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

మొదటి వాన పడి, ఊడ్పులు అయ్యాక, లాడం వేసే రోజు వచ్చింది. తాత చెబుతుంటే కమ్మరాయన ఇనుము సాగదీశాడు. మునివేలు దగ్గర గుండ్రంగా పైకి లేపి, అడుగు తేలిగ్గా దొర్లేలా చేశాడు. బయటి వైపు రెక్క వేలెడు వెడల్పు ఎక్కువ పెట్టి, కుంగిన మడమకి ఆసరా ఇచ్చాడు. గిట్ట కోసింది బియ్యపు గింజ మందమే. ఇక మేకులు కొట్టాలి. తాత సుత్తి నా చేతిలో పెట్టాడు. "నా చేతులు చూశావుగా. ఈయన చేతులు ఎడ్లకి అలవాటు పడ్డాయి. చెడగొట్టినదానివి నువ్వే కొట్టు" అన్నాడు. మేకు గిట్ట గోడలోంచే పోవాలి. నూలుపోగంత లోపలికి వెళ్ళినా జీవంలో దిగుతుంది, ఇక ఆ గుర్రం లేవదు. చీర కట్టుకుని ఆ పని కుదరదని అంతకు ముందు వారమే మా తమ్ముడి పాంటు తెప్పించుకున్నాను, గుర్రం కాలు పట్టుకోవడానికే అనుకుని. ఆ వేషంలో, గుర్రం కాలు రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని నేను వంగుంటే, స్టేషన్ జనమంతా గోడెక్కి చూశారు.

తాత కళ్ళు మూసుకుని పక్కన కూర్చున్నాడు. మొదటి మేకు కొట్టాను. టంగుమని గట్టి చప్పుడు. "ఊఁ" అన్నాడు. రెండోది. "ఊఁ." మూడోది సగం దిగిందో లేదో, "ఆపు!" అన్నాడు. నాకేమీ తేడా తెలియలేదు. "మెత్తగా మోగింది. పీకు." పటకారుతో పీకి ఇచ్చాను. ఆయన దాన్ని పెదాలకి ఆనించి చూశాడు. పొడిగానే ఉంది, చల్లగానే ఉంది. నెత్తురు తగల్లేదు. బాబాయి బంగారి మెడ మీద మొహం పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన వీపు కదలడం నాకు కింద నుంచి కనిపించింది. మేకు ఇంకాస్త బయటికి వాల్చి మళ్ళీ కొట్టాను. ఈసారి నేను కూడా విన్నాను. తేడా అంటే ఏమిటో ఆ క్షణంలో నా చెవికి తెలిసింది. ఆరో మేకు అయ్యాక నడుము నిటారు చేయలేకపోయాను. కమ్మరాయన వచ్చి చెయ్యిచ్చి లేపాడు.

బంగారిని నడిపించాం. కాలు ఇంకా లోపలికే తిరిగి ఉంది. అది చచ్చేదాకా అలాగే ఉంది. కానీ అడుగు పడి, దొర్లి, లేచింది. నాలుగు చప్పుళ్ళూ ఒకలాగే వినిపించాయి. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, నేరుగా నా దగ్గరికి వచ్చి, మా తమ్ముడి పాంటు జేబు వాసన చూసింది. అందులో ఏమీ లేదు. అయినా మూతి తియ్యలేదు. దసరా సెలవుల తరవాత బండి కట్టిన రోజు మొదట ఎక్కింది ఎవరనుకున్నారు? లెక్కల టీచరమ్మే. "పడిపోతే ఇంకో చెయ్యి ఉందిలే" అంది.

ఆ తరవాత నాలుగేళ్ళు బంగారి పడలేదు. ప్రతి లాడమూ కమ్మరాయనే చేశాడు, మేకులు నేను కొట్టాను. ఆయన కొలిమికి ఎడ్లు మళ్ళీ వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చేదాకా. జట్కాలకి రోజులు చెల్లాక బాబాయి దాన్ని అమ్మకుండా, దివిసీమలో వాళ్ళ బావమరిది పొలానికి పంపాడు. కృష్ణ కరకట్ట మీద గడ్డి మేస్తూ ముసలిదై పోయిందట. తాత పోయిన కబురు నాకు రెండు నెలలు ఆలస్యంగా అందింది. గిలకలదిండి వెళితే కూతురు ఆకురాయి నా చేతిలో పెట్టి, "మా నాన్న మీ గురించి ఎప్పుడూ ఒకటే చెప్పేవాడండీ, ఆ పిల్ల ఒప్పుకుంది అని" అంది. లాడం గురించి, మేకుల గురించి ఏమీ చెప్పలేదట.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ పశువునీ నడిపించి చూడకుండా ముట్టుకోలేదు. నాకింద పనిచేసిన డాక్టర్లకి ఆ ఒక్క అలవాటు వల్లే విసుగొచ్చేది. వాళ్ళకి కారణం ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. గుర్రం గిట్ట పైనుంచి పెరుగుతూ నేలదాకా దిగిరావడానికి ఏడాది పడుతుంది. అంటే మరుసటి వేసవికల్లా నేను చెడగొట్టిన భాగమంతా కిందికి దిగి, ఆకురాయి కింద పొడిగా రాలిపోయి ఉంటుంది. బంగారి కాలిలో నా తప్పు ఆయుష్షు ఒక్క ఏడాదే. మనిషిలో అది నేలదాకా దిగిరావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. నాకైతే ఇంకా దిగుతూనే ఉంది.